నీకేం అర్థమైందమ్మా? నర్సింగ్ స్టూడెంట్స్, ఫోన్‌లో సైకియాట్రీ ట్రైనింగ్, సహానుభూతి

ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నర్సింగ్ చదువుతున్న పిల్లల కోసం. జీఎన్ఎం అయినా, బీఎస్సీ నర్సింగ్ అయినా సరే. నర్సింగ్ చదవని వాళ్ళు కూడా చివరిదాకా ఉండండి. ఇంట్లో ఒక మనిషి మాట్లాడటం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే ఏం చేయాలో తెలీక నిలబడిపోయిన వాళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

ముందు నా సంగతి ఒకటి చెప్తా. నేను నర్సింగ్ చదివేటప్పుడు మానసిక విభాగంలో అది మా మొదటి వారం. ఒక పెద్దావిడ మంచం మీద కూర్చుని చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా. చాలాసేపటికి ఆవిడ, "ఇంటికెళ్తే మాత్రం ఎవరున్నారమ్మా" అంది. నాకు పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. గొంతు మెత్తగా చేసుకుని, "మీ బాధ నాకు అర్థమైందమ్మా" అన్నా. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసి, "నీకేం అర్థమైందమ్మా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లేచి వచ్చేశా. ఆ సాయంత్రం హాస్టల్లో కూర్చుని సీనియర్ ఫైల్ ముందు పెట్టుకుని నా ప్రాసెస్ రికార్డింగ్ రాసేశా. అందులో అన్నీ చక్కగా ఉన్నాయి, ఆ ఒక్క ప్రశ్న తప్ప.

ఇవాళ మాట్లాడుకునేదంతా ఆ ప్రశ్న గురించే. ఇప్పుడు చాలామంది స్టూడెంట్స్ సైకియాట్రీని మొదట వార్డులో చూడట్లేదు. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో చూస్తున్నారు. ఫోన్‌లో ఉన్న పేషెంట్ "నీకేం అర్థమైంది" అని తిరిగి అడగడు కదా. మరి సహానుభూతి అలా వస్తుందా?

సానుభూతి వేరు, సహానుభూతి వేరు

ఈ రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉంటాయి, అందుకే కలిపేస్తుంటాం. సానుభూతి అంటే ఒడ్డున నిలబడి "అయ్యో పాపం" అనడం. తప్పేం కాదు, కానీ అక్కడితో ఆగిపోతుంది. సహానుభూతి అంటే ఆ మనిషికి లోకం ఎలా కనబడుతోందో ఆ మనిషి వైపు నుంచి చూడ్డం. కొంతమంది తదనుభూతి అని కూడా అంటారు. ఇంగ్లీషులో ఎంపతీ అనే మాట పుట్టింది కూడా ఎప్పుడో కాదు. 1909లో టిచెనర్ అనే మనస్తత్వవేత్త ఒక జర్మన్ పదానికి సమానంగా ఆ మాట తయారుచేశాడు.

దీనికి కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లో ఒక షరతు పెట్టాడు. ఎదుటి మనిషి లోకాన్ని నాదే "అన్నట్టుగా" చూడాలి, కానీ ఆ "అన్నట్టుగా" అనే మాటను పోగొట్టుకోకూడదు అన్నాడు. ఆ చిన్న మాటలోనే అంతా ఉంది. పేషెంట్ ఏడుస్తుంటే మనమూ కూర్చుని ఏడిస్తే అక్కడ ఇద్దరు పేషెంట్లవుతారు, నర్సు ఉండదు. అలాగని మొహం బిగదీసుకుని బీపీ చూసి వెళ్ళిపోతే నర్సు ఉంటుంది, మనిషి ఉండదు.

ఈ సబ్జెక్ట్ మిగతావాటిలా ఎందుకు ఉండదు

ఇంజెక్షన్ చేయడం బొమ్మ మీద నేర్చుకోవచ్చు. డ్రెస్సింగ్, కెథటర్, సీపీఆర్ అన్నీ బొమ్మ మీద మొదలవుతాయి. బొమ్మకి నొప్పి ఉండదు కాబట్టి తప్పులు చేసే స్వేచ్ఛ మనకి ఉంటుంది. మానసిక విభాగంలో అలా కాదు. అక్కడ పనిముట్టు మనమే. మన గొంతు, మన చూపు, మనం కూర్చునే దూరం, మనం ఊరుకునే తీరు. 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు ఒక పుస్తకంలో ఈ సంగతే గట్టిగా చెప్పింది. నర్సుకీ పేషెంట్‌కీ మధ్య ఏర్పడే సంబంధం మందుల పక్కన ఉండే మర్యాద కాదు, అదే చికిత్సలో భాగం అని. మన సిలబస్‌లో ఆవిడ పేరు ఇప్పటికీ ఉంది, పరీక్షల్లో రాస్తాం, మార్కులు వస్తాయి. వార్డులో కూర్చునేటప్పుడు మాత్రం మర్చిపోతాం.

జీఎన్ఎం వాళ్ళకి మెంటల్ హెల్త్ నర్సింగ్ రెండో సంవత్సరంలో వస్తుంది. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన సెమిస్టర్ పద్ధతిలో బీఎస్సీ వాళ్ళకి 5, 6 సెమిస్టర్లలో వస్తుంది. రేపల్లె అమ్మాయి ఈ పోస్టింగ్‌కి వెళ్ళాలంటే గుంటూరు పెద్దాసుపత్రి సైకియాట్రీ వార్డుకైనా, విశాఖపట్నం మానసిక వైద్యశాలకైనా వెళ్ళాలి. విశాఖ అంటే తెనాలి వచ్చి రైలు మారి, ఒక రాత్రి ప్రయాణం. ఇంట్లో చెప్తే ఏమంటారు? "పిచ్చాసుపత్రికా? జాగ్రత్తమ్మా, దగ్గరికి పోమాకు" అంటారు. అంటే అమ్మాయి రైలెక్కక ముందే భయం బ్యాగులో సర్దేసి ఉంటుంది.

మన మాటలు చూడండి. ఎవడైనా కాస్త తేడాగా ప్రవర్తిస్తే "మెంటల్ గాడు". కోపం ఎక్కువైతే "సైకో". ఇంకాస్త సరదా చేయాలంటే "ఎర్రగడ్డ కేసు". హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఉన్న పేటని తిట్టు చేసేశాం. ఈ మాటలన్నీ వాడుతూ పెరిగిన మనమే ఒక రోజు తెల్ల కోటు వేసుకుని ఆ వార్డులోకి వెళ్తాం.

వర్చువల్ ట్రైనింగ్ అంటే ఏమేం ఉంటాయి

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి క్లాసులన్నీ ఫోన్లలోకి వచ్చినప్పుడు చాలామందికి ఇది మొదటిసారి పరిచయం. కానీ దీని వెనక పాత చరిత్ర ఉంది. 1963లో హోవర్డ్ బారోస్ అనే అమెరికన్ డాక్టర్ ఒక మనిషికి పేషెంట్‌లా నటించడం నేర్పించి, స్టూడెంట్స్ చేత పరీక్ష చేయించాడు. మన తెనాలి వాళ్ళకి ఇది వింతేం కాదు. నాటకాలకి పేరున్న ఊరు. మేకప్ వేసుకున్న మనిషి స్టేజీ మీద ఏడిస్తే కింద నేల మీద కూర్చున్నవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్న ఊరు. నటనతో కూడా నిజమైన బాధ తెలుస్తుందని మనకి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు వర్చువల్ సైకియాట్రీ అంటే ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది రికార్డ్ చేసిన కేసు వీడియోలు, అంటే డిప్రెషన్ ఉన్న మనిషితో ఇంటర్వ్యూ లాంటివి. రెండోది తెర మీద కనిపించే పేషెంట్. నువ్వు ఒక జవాబు ఎంచుకుంటే అతను దానికి తగ్గట్టు మాట్లాడతాడు. మూడోది వీడియో కాల్‌లో రోల్ ప్లే, ఒకరు నర్సు, ఒకరు పేషెంట్. నాలుగోది హెడ్‌సెట్ పెట్టుకుని, లేదా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకి వినిపించే మాటలు ఎలా ఉంటాయో వినడం.

ఈ నాలుగో దాని గురించి ఒక మంచి విషయం చెప్పాలి. ఇయర్‌ఫోన్స్‌లో మాటలు వినే ఒక శిక్షణ చాలా దేశాల్లో వాడుతున్నారు. దాన్ని తయారుచేసింది పాట్రీషియా డీగన్ అనే ఆవిడ. చిన్న వయసులోనే ఆవిడకి స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు చెప్పారు. తర్వాత ఆవిడే చదువుకుని సైకాలజిస్ట్ అయింది. లోపలి నుంచి చూసిన మనిషి మనకోసం కిటికీ తీసి పెట్టిందన్నమాట.

మీరే చేసి చూడండి

హెడ్‌సెట్ అక్కర్లేదు. హాస్టల్లో ముగ్గురు చాలు. ఒకరు కుర్చీలో కూర్చోండి. రెండోవాళ్ళు ఎదురుగా కూర్చుని మామూలు ప్రశ్నలు అడగండి. పేరేంటి, ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నావు, 100లోంచి 7 తీసేస్తూ వెనక్కి చెప్పు. మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్‌లో మనం అడిగేవే. మూడోవాళ్ళు వెనక నిలబడి చెవి దగ్గర ఆపకుండా గుసగుసలాడండి. "చెప్పకు, వాళ్ళు రాసుకుంటున్నారు. నిన్ను చూసి నవ్వుతున్నారు. నీకేం రాదు." మూడు నిమిషాలు చాలు. ఎవరికైనా ఇబ్బందనిపిస్తే వెంటనే ఆపేయండి. ఇంతకుముందు ఇలాంటి బాధ పడినవాళ్ళని కూర్చోబెట్టకండి.

93, 86 దాకా వచ్చి ఆగిపోతారు. అప్పుడు ఒక సంగతి వెలుగుతుంది. ఓపీలో "ఎన్నిసార్లు అడిగినా పలకడు, పొగరు" అని మనం అనుకున్న అబ్బాయి నిజానికి మన మాట కోసం గోలలో వెతుక్కుంటున్నాడేమో. ఈ ఒక్క నిమిషం కోసం వర్చువల్ ట్రైనింగ్‌కి దండం పెట్టొచ్చు. పుస్తకంలో పది పేజీలు చదివినా ఇది రాదు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది

ఇలా మాటలు వినిపించే శిక్షణల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కొందరు 2011లో ఒకచోట పెట్టి చూశారు. చాలా చోట్ల సహానుభూతి పెరిగింది. అదే సమయంలో ఇలాంటి జబ్బున్న మనిషికి దూరంగా ఉండాలన్న కోరిక కూడా పెరిగినట్టు కనబడింది. జాలి పెరిగింది, భయమూ పెరిగింది.

ఎందుకలా? 1997లో డేనియల్ బ్యాట్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు చేసిన ఒక ప్రయోగం దీన్ని బాగా విప్పి చెప్తుంది. కష్టాల్లో ఉన్న ఒక అమ్మాయి గురించిన ఆడియో కాలేజీ పిల్లలకి వినిపించారు. కొందరితో "ఆ అమ్మాయికి ఎలా ఉందో ఊహించండి" అన్నారు. ఇంకొందరితో "ఆ చోట మీరే ఉంటే మీకెలా ఉంటుందో ఊహించండి" అన్నారు. మొదటివాళ్ళకి ఆ అమ్మాయి మీద ఆర్తి కలిగింది. రెండోవాళ్ళకి ఆర్తితో పాటు సొంత కలవరం కూడా వచ్చింది. సొంత కలవరం వచ్చినవాడు ఏం చేస్తాడు? ముందు తన బాధ తగ్గించుకోవాలని చూస్తాడు. వీలైతే అక్కణ్ణుంచి పోవాలని చూస్తాడు.

హెడ్‌సెట్ మనల్ని రెండో చోట కూర్చోబెడుతుంది. "నాకే ఇలా అయితే?" పది నిమిషాలు భయపడి, ఇయర్‌ఫోన్స్ పీకేసి, "అమ్మో" అని ఊపిరి పీల్చుకుంటాం. పేషెంట్ అలా పీకేయలేడు, అది నిజమే. కానీ ఆ ఆడియోలో లేని ఇంకో నిజం కూడా ఉంది. మాటలు వినబడుతున్నా మందులు వేసుకుంటూ, సంతకెళ్ళి బేరమాడి కూరగాయలు తెచ్చుకుని, కూతురి పెళ్ళి చేసిన మనుషులు ఉన్నారు. పది నిమిషాల భయంలో ఆ జీవితం కనబడదు.

మౌనం అంటే నెట్ పోవడం కాదు

వీడియో కాల్ రోల్ ప్లేలో నేను చూసిన పెద్ద సమస్య ఇది. డిప్రెషన్ బాగా ఉన్న మనిషి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేడు. పది సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఊరికే కూర్చోగలగడం మన సబ్జెక్ట్‌లో ఒక నైపుణ్యం. థెరప్యూటిక్ కమ్యూనికేషన్ లిస్టులో మౌనం అని ఉంటుంది, అందరం బట్టీ పట్టాం.

ఫోన్‌లో ఏమవుతుంది? పేషెంట్‌గా చేస్తున్న అమ్మాయి మూడు సెకన్లు ఆగితే చాలు, అందరూ ఒకేసారి "హలో, హలో, వినబడుతోందా? నెట్ పోయినట్టుంది మేడమ్" అంటారు. మౌనం అంటే సిగ్నల్ సమస్య అని మన చెవికి అలవాటైపోయింది. రికార్డ్ చేసిన వీడియో అయితే ఇంకా సులువు. పేషెంట్ ఆగిన చోట స్పీడ్ రెట్టింపు చేస్తాం. ఆ ఆగడమే అక్కడ రోగ లక్షణం, చూడాల్సింది అదే.

అందుకని ఒక చిన్న నియమం పెట్టుకోండి. రోల్ ప్లేకి ముందే "ఇవాళ పదిహేను సెకన్ల దాకా ఎవరూ హలో అనకూడదు" అని చెప్పుకోండి. కేసు వీడియో స్పీడ్ పెంచకండి. పదిహేను సెకన్లు ఎంత పొడుగో మీకే తెలుస్తుంది. ఆ ఇబ్బందిలో కూర్చోవడం నేర్చుకుంటే సగం సబ్జెక్ట్ వచ్చినట్టే.

మన ఊరి పేషెంట్ ఆ వీడియోలో ఉండడు

ఇంకో సంగతి. మనం చూసే కేసు వీడియోలు చాలావరకు వేరే దేశాలవి. అక్కడ పేషెంట్ సోఫాలో కూర్చుని "నాకు దిగులుగా ఉంది" అని చెప్తాడు. మన దగ్గర పెద్దవాళ్ళు అలా చెప్పరు. తెనాలి ఓపీకి వచ్చిన పెద్దమ్మ "గుండె దడమ్మా, తలలో వేడి, ఒళ్ళంతా మంటలు" అంటుంది. మగాళ్ళయితే "నరాల వీక్‌నెస్" అంటారు. ఇంట్లోవాళ్ళు "గాలి సోకింది" అనో, "ఎవరో ఏదో చేయించారు" అనో అంటారు, ఆసుపత్రికి వచ్చేలోపు గుళ్ళో రెండు వారాలు నిద్ర చేయించి ఉంటారు. వాటిని చూసి నవ్వితే ఆ కుటుంబం మళ్ళీ రాదు. "గాలి సోకిందనిపించినప్పుడు మొదట ఏం మార్పు కనిపించిందమ్మా?" అని అడిగితే మనకి కావలసిన హిస్టరీ మొత్తం అందులోంచే వస్తుంది.

రేపల్లె, నిజాంపట్నం వైపు తీరంలో పెద్దవాళ్ళకి 1977 నవంబర్ 19 అంటే తేదీ కాదు, ఒక రాత్రి. దివిసీమ ఉప్పెన రోజు. ఊహించండి, రాత్రి డ్యూటీలో కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటుంటే ఒక ముసలాయన పడుకోకుండా కూర్చున్నాడు. "నిద్రమాత్ర వేయమంటావా తాతా" అని అడగొచ్చు. "గాలి శబ్దం ఇబ్బందిగా ఉందా తాతా?" అని కూడా అడగొచ్చు. రెండో ప్రశ్న ఏ విదేశీ వీడియోలోనూ ఉండదు. మన నేల మనకి నేర్పాల్సిందే.

ఇది చిన్న విషయం కాదు. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు. అలాంటి మనిషి మొదట కలిసేది సైకియాట్రిస్ట్‌ని కాదు. గుండె దడ అని వచ్చిన జనరల్ వార్డులో, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుని. అంటే మిమ్మల్ని.

ఒక రోల్ ప్లే చూద్దాం

ఇది ఊహించి రాసుకున్న సన్నివేశం. ఇరవై రెండేళ్ళ అబ్బాయి, రెండు రోజుల నుంచి అన్నం ముట్టట్లేదు. "మా మావయ్య అన్నంలో ఏదో కలుపుతున్నాడు సిస్టర్" అంటున్నాడు.

మొదటి స్టూడెంట్ అంటుంది, "అలాంటిదేం లేదు, అదంతా నీ భ్రమ, తిను." అబ్బాయి పక్కకి తిరిగి పడుకుంటాడు. ఈమె కూడా మావయ్య వైపే అని తేల్చేసుకున్నాడు.

రెండో స్టూడెంట్ అంటుంది, "అయ్యో, అంత దుర్మార్గుడా మీ మావయ్య!" అబ్బాయి భయం ఇంకాస్త గట్టిపడింది. ఇది దయలా కనబడుతుంది, కానీ అతని భ్రమకి మనం సాక్షి సంతకం పెట్టినట్టు.

మూడో స్టూడెంట్ అంటుంది, "నాకైతే అలా ఏమీ కనబడట్లేదు. కానీ అన్నం ముందు కూర్చోవాలంటేనే నీకు భయంగా ఉందనిపిస్తోంది. అంతేనా?"

అబ్బాయి కాసేపాగి, "భయం కాదు సిస్టర్. ఆకలేస్తోంది. తినలేకపోతున్నా" అంటాడు.

ఇక్కడ ఆగుదాం. మూడో స్టూడెంట్ ఊహ కూడా తప్పే. భయం అనుకుంది, అతను ఆకలి అన్నాడు. కానీ చివర "అంతేనా?" అని అడిగింది కాబట్టి అతనికి దిద్దే అవకాశం దొరికింది. ఆకలి అని తెలిశాక చేయాల్సింది కూడా తెలిసిపోతుంది. తొక్క తీయని అరటిపండు, పెంకు తీయని ఉడికించిన గుడ్డు, అతనే చింపుకునే బిస్కెట్ ప్యాకెట్. ఎవరూ ఏమీ కలపలేని తిండి. సైకియాట్రీ నర్సింగ్‌లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. భ్రమ గురించి వాదన తర్వాత చూసుకోవచ్చు, ముందు కడుపు నిండింది.

నా దృష్టిలో సహానుభూతి అంటే ఇదే. ఎదుటివాళ్ళ మనసు మొదటిసారే కరెక్ట్‌గా చదివేయడం ఎవరివల్లా కాదు. మనం అనుకున్నది వాళ్ళ ముందు పెట్టి, వాళ్ళు "కాదమ్మా, అది కాదు" అంటే చిన్నబుచ్చుకోకుండా దిద్దుకోవడం మనవల్ల అవుతుంది. వీడియో "కాదమ్మా" అనదు. అందుకే వీడియో చూసి "నాకు అర్థమైంది" అనుకోవడం చాలా తేలిక.

మార్కులు పెరిగితే సహానుభూతి పెరిగినట్టేనా

ట్రైనింగ్‌కి ముందూ తర్వాతా కొన్నిచోట్ల ప్రశ్నాపత్రం ఇస్తారు. జెఫర్సన్ స్కేల్ అని ఒకటి బాగా వాడతారు. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా, మొత్తం 140. నర్సింగ్ స్టూడెంట్స్‌కి వేరే రూపం కూడా ఉంది. ఉపయోగమే, కానీ గుర్తుపెట్టుకోండి, అందులో మన గురించి మనమే చెప్పుకుంటాం. ఆ పెద్దావిడ దగ్గర కూర్చోకముందు నాకు ఆ పేపర్ ఇస్తే నేను 130 వేసుకునేదాన్ని.

ఇదే స్కేల్‌తో అమెరికాలో మెడికల్ స్టూడెంట్స్‌ని ఏళ్ళ తరబడి గమనించి, 2009లో ఒక విషయం బయటపెట్టారు. వాళ్ళ సహానుభూతి మూడో సంవత్సరంలో బాగా పడిపోయింది. మూడో సంవత్సరం అంటే ఏంటో తెలుసా? వాళ్ళు పేషెంట్ల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టిన సంవత్సరం. కాబట్టి "వార్డుకి పంపిస్తే అదే వస్తుంది" అనేది కూడా గ్యారంటీ లేదు. నిద్ర లేని డ్యూటీలు, తిట్లు, ఫైళ్ళ గోల మధ్య మనసు గట్టిపడుతుంది. వార్డు అయినా, హెడ్‌సెట్ అయినా, తర్వాత కూర్చుని మాట్లాడుకునే చోటు లేకపోతే మిగిలేది భయమో, మొద్దుబారడమో.

ఆ మాట్లాడుకోవడాన్నే డీబ్రీఫింగ్ అంటారు. మేడమ్‌ని అడిగి మరీ పెట్టించుకోండి. మూడు ప్రశ్నలు చాలు. నాకేం అనిపించింది? పేషెంట్‌కి ఏమై ఉంటుందనుకున్నా? అది నిజమని నాకెలా తెలుసు? మూడో ప్రశ్న దగ్గర అందరం తడబడతాం. తడబడాలి కూడా.

ఇంకొకటి. ఈ వీడియోలు చూస్తుంటే మీ ఇంట్లో మనిషే గుర్తొచ్చి గుండె బరువెక్కితే, లేదా మీ సొంత బాధే బయటికొస్తే, అది బలహీనత కాదు. కెమెరా ఆఫ్ చేసుకుని ఒక్కళ్ళే మింగకండి. నమ్మకమున్న ఒకరికి చెప్పండి.

ఫోన్ చేతిలో ఉంది కాబట్టి ఒక హెచ్చరిక

2018 మే 29 నుంచి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 అమల్లో ఉంది. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం ఆ చట్టం ప్రకారం అతని హక్కు. అతని ఒప్పుకోలు లేకుండా ఫోటో, వివరాలు మీడియాకి ఇవ్వకూడదు. కేసు వీడియో స్క్రీన్‌షాట్ తీసి క్లాస్ గ్రూపులో నవ్వే ఎమోజీతో పెట్టడం, వార్డు బయట రీల్ చేయడం సరదా కాదు. ఆ మనిషి ఎవరికో అన్న, ఎవరికో అమ్మ.

అదే చట్టం ఇంకో మాట చెప్తుంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి అని. క్యాజువాలిటీలో అలాంటివాళ్ళని "చదువుకున్నదానివి, బుద్ధి లేదా" అని తిట్టడం మన దగ్గర మామూలైపోయింది. మీ ముందు ఎవరైనా అలా తిడుతుంటే మీరు స్టూడెంట్ కాబట్టి ఆపలేకపోవచ్చు. వాళ్ళు వెళ్ళాక ఆ మంచం దగ్గరికి వెళ్ళి, "మంచినీళ్ళు కావాలా అక్కా?" అని అడగగలరు. దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఆ పెద్దావిడ ఏమంది

చివరగా, మొదట చెప్పిన కథ పూర్తి చేస్తా. ఆ రాత్రి ఫైల్ రాసేశాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చుని, "నిన్న అర్థమైందని అన్నాను కానీ నిజానికి నాకు అర్థం కాలేదమ్మా. ఇంట్లో ఎవరూ లేరని బాధపడుతున్నారనుకున్నా. అంతేనా?" అని అడిగా.

ఆవిడ కొంగు చుట్టడం ఆపింది. "కాదమ్మా. కొడుకు, కోడలు, మనవలు, ఇల్లు నిండా జనమే. నేను చెప్పేది నమ్మేవాళ్ళు ఎవరున్నారని అన్నా" అంది.

నేను రాసిన ఫైల్‌లో ఒంటరితనం అని ఉంది. దాన్ని కొట్టేసి మళ్ళీ రాశా. కొట్టివేతలున్న ఆ పేజీయే నా చదువులో నేను నిజంగా రాసిన మొదటి ప్రాసెస్ రికార్డింగ్.

మీరూ ఫోన్‌లోనే నేర్చుకోండి, తప్పులేదు. ఇయర్‌ఫోన్స్‌లో ఆ మాటలు వినండి, రోల్ ప్లే చేయండి, పదిహేను సెకన్లు ఊరుకోండి. కానీ మొదటిసారి ఒక మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు "నాకు అర్థమైంది" అనే ముందు "అంతేనా?" అని ఒక్క మాట అడగండి.

మీకు గానీ, మీ వాళ్ళకి గానీ మనసు బాగోలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఎవరికి ఎప్పుడు అవసరమవుతుందో తెలీదు.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.